డెబ్బై ఒకటో శాతం దగ్గర హారన్

2011 అక్టోబరు 10, సోమవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. ఆ రోజుల్లో చేతిగడియారాన్నీ జేబులోని డైరీనీ నమ్మినంతగా నేను మనుషులను నమ్మేవాణ్ణి కాను. ఇరవై ఆరేళ్లకే, లోకం నా సూచనల ప్రకారం నడిస్తే బాగుపడుతుందన్న గట్టి అభిప్రాయం ఉండేది. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. కొత్తపేటలోని మా కార్ల రిపేరు షెడ్డు మాత్రం సగం షట్టరు దించుకుని పనిచేస్తూనే ఉంది.

యజమాని గుంటూరు వైపు వారు, నేను నల్లగొండ వైపు వాణ్ణి. ఎదుట ఉన్నది ఎల్‌బీ నగర్ నుంచి ఒక డ్రైవరన్న తోయించుకొచ్చిన సొంత కారు. వాన నీళ్లు దిగి, ఇంజనును నడిపించే కంట్రోల్ మాడ్యూల్ కాలిపోయింది. కొత్తది బిగించాం గాని, అది ఇంకా అక్షరాభ్యాసం కాని బిడ్డ. ల్యాప్‌టాప్ నుంచి ఆ కారు వివరాలన్నీ ఎక్కిస్తే తప్ప ఇంజను కదలదు.

"రేపు పొద్దుగాల పదింటికి సూర్యాపేట దవాఖానల నా బిడ్డకు నర్సు నౌకరి ఇంటర్వ్యూ. బస్సుల్లెవ్వు. జర ఎట్లనన్న చెయ్యి తమ్మీ," అన్నాడు డ్రైవరన్న.

ముప్పై నిమిషాల పని. ఈలోగా బ్యాటరీ కాస్త కుంగినా మాడ్యూల్ శాశ్వతంగా మూగబోవచ్చు. కరెంటు లేదు కనుక ఛార్జరూ లేదు. అందుచేత కారు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, "ఎవరూ దేనినీ ముట్టుకోరాదు" అని అట్ట మీద రాసి అద్దానికి తగిలించాను. (యజమాని గారు బానెట్ మీద టీ గ్లాసు పెట్టబోతే వారించాను కూడా.) గీత లోపల, డ్రైవరు సీట్లో, నేనొక్కణ్ణే.

ఎక్కింపు డెబ్బై ఒకటో శాతం దగ్గర ఉండగా దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి ర్యాలీ వచ్చింది. "హారన్ కొట్టుండ్రి అన్నా! జై తెలంగాణ!" అని ఆటోలోని మైకు పిలిచింది. రోడ్డు మీది బండ్లన్నీ మోగాయి. నా చెయ్యీ ఊరుకోలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కాను. బ్యాటరీ కుంగింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: ప్రోగ్రామింగ్ విఫలం.

"ఏవయ్యా, నువ్వు రాసింది నువ్వు చదువుకోవా?" అన్నారు యజమాని. డ్రైవరన్న గడియారం చూసుకున్నాడు. అదే ఎక్కువ బాధించింది.

మరొక ప్రయత్నానికి వీలుంది గాని, మా బ్యాటరీలో సత్తువ లేదు. అది వినగానే డ్రైవరన్న మైకు బ్యాటరీ కోసం నేరుగా ర్యాలీలోకి నడిచి, మైకు పట్టుకున్నాయనను తీసుకొచ్చాడు.

"ఏందే, జై తెలంగాణ అంటె కారు సచ్చిపోయిందా?" అని నవ్వాడు మైకన్న. "మా బ్యాటరీ గీ గుంటూరాయన షెడ్డుకు ఇయ్యాల్నా?"

"షెడ్డు నాది, కారు మీ వాడిది. బ్యాటరీకి ప్లస్సూ మైనస్సే గాని జిల్లాలు లేవండీ," అన్నారు యజమాని. "టీ తాగుదురు గాని, రండి."

మైకన్న స్వయంగా మైకు వైర్లు ఊడదీసి బ్యాటరీని మోసుకొచ్చాడు. అరగంట పాటు ర్యాలీ మైకు లేకుండా ఉత్త గొంతులతో నినదించింది. నేను యజమాని ఆజ్ఞ ప్రకారం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండూ యాభై ఎనిమిదికి నూరు శాతం. ఇంజను అందుకుంది.

"ఇగ కొట్టు తమ్మీ!" అన్నాడు డ్రైవరన్న. నాకు ధైర్యం చాలలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి హారన్ నొక్కినవారు మా గుంటూరు యజమాని.

పోయినవి: ఒక గంటా పద్దెనిమిది నిమిషాలు, మైకన్న గొంతు, నా అట్ట (నవ్వుకోవడానికి ఆయనే పట్టుకుపోయాడు). మిగిలినవి: మాడ్యూల్, నా కొలువు, ఆ అమ్మాయి నర్సు ఉద్యోగం. కొన్నేళ్ల తర్వాత జ్వరంతో ఆ దవాఖానకు వెళ్లి, కొత్తపేట షెడ్డు వాణ్ణని చెబితే, ఆమే నాకు సూది వేసింది. "చెయ్యి కదపకు బాబాయ్, నాయిన అంతా చెప్పిండు," అంది. కదపలేదు.