ఏనుగుబండ మీద గుడారం

ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతి పిల్లల ముందు నేనొక నిమ్మకాయ కోస్తాను. ఎర్రగా రక్తం కారుతుంది. ముందు బెంచీ వాళ్లు కెవ్వుమంటారు. అప్పుడు చెబుతాను, కత్తికి ముందే మందారపువ్వు రుద్ది పెట్టానని. గాలి పట్టడం, చేతబడి, దెయ్యం, ఏది విన్నా దాని వెనక ఒక మందారపువ్వు ఉంటుంది, భయపడకుండా వెతకండి అంటాను.

అనంతపురంలో గవర్నమెంటు హైస్కూల్లో సైన్సు చెబుతాను. నాకు వీటిమీద నమ్మకం ఏనాడూ లేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మాత్రం ఎంత వెతికినా ఆ మందారపువ్వు దొరకలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట దసరా సెలవులు. మా పిల్లలు తేజకు ఏడేళ్లు, హాసినికి నాలుగు. తేజ ఎక్కడో వీడియోలో టెంట్ చూశాడు. ఇంట్లో కుర్చీలకు నా చీరలు కట్టి, చెల్లెల్ని పక్కన పడుకోబెట్టుకుని వారం రోజులు అందులోనే నిద్రపోయాడు. నిజం టెంట్‌లో ఎప్పుడు పడుకుంటాం అని రోజూ ఒకటే పోరు.

మా ఆయన శివకు ఇష్టం లేదు. పాములుంటాయి, చలి, పిల్లలకు జలుబు చేస్తుంది అన్నాడు. నేనే పట్టుబట్టాను. దానికి కారణం ఉంది.

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. శనక్కాయ పీకే రోజుల్లో కుప్పకు కాపలాగా నాయన చేన్లోనే పడుకునేవాడు. మా నలుగురు పిల్లల్నీ వెంట తీసుకుపోయేవాడు. రెండు కట్టెలు పాతి, పైన పట్ట కప్పి, కింద నల్ల కంబళి పరిచేవాడు. కంబళి వెంట్రుకలు గుచ్చుకుంటాయని పాము దాని మీదికి రాదంటాడు. అది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎండు కంపకు నిప్పంటించి పచ్చి శనక్కాయలు అందులో పోస్తే, పైన మాడి లోపల మెత్తగా ఉడికేవి. మసి మూతులతో అలాగే నిద్రపోయేవాళ్లం. క్యాంపింగ్ అనే మాట అప్పుడు తెలియదు. నాయన పోయి నాలుగేళ్లయింది. ఆ చేనూ మా చేతిలో లేదు. నా పిల్లలకు అందులో పిసరంతైనా చూపించాలని నా ఆశ.

చోటు వెతకడం అంత సులువు కాదని మొదలుపెట్టాక తెలిసింది. చెరువు పక్కన ఒక చోటుకి ఫోన్ చేస్తే, "ఫ్యామిలీలు గూడా వస్తారు మేడం, పెద్ద సౌండ్ సిస్టం ఉండాది" అన్నారు. గుట్ట మీద ఇంకొకటి ఉంటే ఆదివారం పోయి చూశాం. గాలి బాగుంది, చూపు బాగుంది, కానీ టెంట్లకు పది అడుగుల దూరంలోనే కొండ అంచు. అడ్డుగా ఒక కంచె కూడా లేదు. హాసిని చెయ్యి వదలకుండానే తిరిగొచ్చేశాను. మూడోచోట మరుగుదొడ్డి సంగతి అడిగితే నవ్వారు.

చివరికి మా స్కూల్లో తెలుగు చెప్పే మేడం ఒక నంబరిచ్చింది. ఎండాకాలంలో వాళ్లు పిల్లలతో పోయి వచ్చారట. ఓబులేసు, లక్ష్మిదేవి అని మొగుడూపెళ్లాలు. పంట సరిగా రాక, వంక పక్కన, అంటే వాగు పక్కన, చేనును ఆనుకుని రెండు టెంట్లు వేసి మనుషులను రానిస్తున్నారు. రాగిసంగటి, నాటుకోడి వాళ్లే వండి పెడతారు. మరుగుదొడ్డి ఉంది.

మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి ఫోన్ చేశాను. ఎత్తింది ఒక పెద్దాయన. ఓబులేసు నాయనేమో అనుకున్నాను.

"యా ఊరమ్మా మీది?" అన్నాడు ముందుగా. చెప్పాను. "పిల్లోళ్లు ఎంతమంది? పేర్లేమి?" అదీ చెప్పాను. పాపకు నిద్రలో లేచి నడిచే అలవాటుందా, పిల్లోడు చీకటికి భయపడతాడా అని అడిగాడు. అన్ని చోట్లకు ఫోన్ చేశాను గానీ, ఇలా నన్ను తిరిగి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ గొంతు వింటూ మంచం మీద కూర్చుండిపోయాను. మా పల్లెలో పెద్దవాళ్లు అలాగే మాట్లాడేవారు, తొందర లేకుండా, మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటూ. వెనక ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి.

చివర్లో ఇలా అన్నాడు. "వంకలో ఇసక సూసి మోసపోవద్దమ్మా. మెత్తగుండాది, పిల్లోళ్లు ఆడుకుంటారు అంటారు. వద్దు. మీద ఏనుగుబండ ఉండాది, దాని మీద ఏసుకోండి గుడారం. కింద కంబళి పరుసుకోండి. ఈడ సినుకు పడకపోయినా వంక వస్తాది. మీద యాడో కురుస్తాది."

సరేనన్నాను. "పిల్లోళ్లు జాగర్త" అని పెట్టేశాడు. పదమూడు నిమిషాలు మాట్లాడాం. ఆ సంఖ్య నా ఫోన్లో ఉంది కాబట్టి చెబుతున్నాను.

శుక్రవారం పొద్దున అదే నంబరుకు, రేపు నలుగురం వస్తున్నాం అని మెసేజ్ పెట్టాను. రండి మేడం అని జవాబొచ్చింది.

శనివారం మూడు గంటలకు చేరుకున్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. వంక ఎండిపోయి, తెల్లటి ఇసుక పరిచినట్టుంది. ఆ ఇసుకలో పక్కపక్కనే రెండు టెంట్లు వేసి ఉన్నాయి, ఒకటి మాకు, ఒకటి రేపు రాబోయే ఇంకో కుటుంబానికి. ఓబులేసుకు ముప్పై ఐదేళ్లుంటాయి. మా టెంట్‌కు ఆఖరి మేకు కొడుతున్నాడు. తేజ చెప్పులిప్పి ఇసుకలోకి దూకేశాడు.

నాకు ఆ పెద్దాయన మాట గుర్తొచ్చింది. "అన్నా, ఏనుగుబండ అంటే ఏది?" అని అడిగాను.

ఓబులేసు సుత్తి ఆపాడు. "ఆ పేరు మీకెవురు చెప్పినారక్కా?"

"ఫోన్లో పెద్దాయన చెప్పారు కదా. టెంట్ దానిమీదే వేసుకోమన్నారు."

"పెద్దాయన ఎవురు? ఈడుండేది నేనూ, నా పెండ్లామే. మా నాయన నా సిన్నప్పుడే పోయినాడు." సుత్తితో గట్టు వైపు చూపించాడు. "మా నాయన తల్లి, మా జేజి ఒక్కతే ఆ గుండును ఏనుగుబండ అంటాండె. ఆమె పోయి శానా ఏండ్లాయె. ఇప్పుడు ఎవురూ ఆ పేరు పలకరు."

వంక గట్టుకు పైన, ఇరవై ముప్పై గజాల అవతల ఆ బండ ఉంది. పడుకున్న ఏనుగు వీపులా, పైన చదునుగా.

ఫోన్ వేరేవాళ్లకు కలిసి ఉంటుందిలే అని అందరం అనుకున్నాం. అయినా టెంట్ అక్కడికి మార్చమని అడిగాను. శివకు కోపం వచ్చింది. "ఇంత మెత్తటి ఇసక పెట్టుకొని, రాతి మీద పండుకుంటారా ఎవురన్నా? పిల్లోళ్ల వీపులు పోతాయి" అన్నాడు. తేజ ఏడ్చాడు. నాకూ మొండితనంగానే అనిపించింది. కానీ ఆ గొంతు మాట జవదాటడానికి మనసు రాలేదు. చిన్నప్పుడు పెద్దవాళ్లు చెబితే ఎందుకని అడగకుండా చేసేవాళ్లం చూడండి, అలాంటిదే ఏదో నన్ను పట్టుకుంది.

లక్ష్మిదేవి మొగుడితో, "ఆయమ్మ మనసుకు ఇష్టం లేనప్పుడు యాల? తీసి మీద వేయి పా" అంది. మేకు దిగదు కాబట్టి తాళ్లను పెద్ద రాళ్లకు కట్టారు. కింద రెండు కంబళ్లు పరిచింది ఆమె. వాటి వాసన తగలగానే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. సాయంత్రం పిల్లలు ఇసుకలోనే ఆడుకున్నారు. శనక్కాయలు కాల్చుకుని తిన్నాం. హాసిని మూతికి మసి అంటింది. మా నాయన కథలు చెబుతుంటే తేజ కంబళిని రెండు చేతులా తడిమి చూశాడు. ఆ రాత్రి నాకు పట్టినంత నిద్ర ఈ మధ్య ఎప్పుడూ పట్టలేదు.

తెల్లవారుతుండగా లారీ వస్తున్నట్టు చప్పుడైంది. అటువైపు రోడ్డు లేదు. లేచి బయటికొచ్చేసరికి శివ బండ అంచున నిలబడి ఉన్నాడు.

వంక వస్తోంది. ఎర్రటి నీళ్లు, నురగ, కంపచెట్లు, చెత్త. మేము చూస్తుండగానే ఇసుకలో మిగిలిన రెండో టెంట్ ఒక్కసారి ఉబ్బి, మేకులతో సహా లేచి పక్కకు ఒరిగి కొట్టుకుపోయింది. ఓబులేసు గట్టు మీద పరుగెడుతూ "యా! యా!" అని అరుస్తున్నాడు, నీళ్లను అదిలిస్తున్నట్టు. మాకు చినుకు పడలేదు. రాత్రి ఎగువన, కర్ణాటక వైపు కుండపోత పడిందని తర్వాత తెలిసింది.

పిల్లలు ఇంకా నిద్రలోనే ఉన్నారు. శివ టెంట్‌లోకి పోయి వాళ్లిద్దరి నడుమ పడుకుని, ఇద్దరి మీదా చేతులు వేశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను బయట బండ మీదే కూర్చున్నాను.

ఎండ వచ్చాక లక్ష్మిదేవి టీ తెచ్చి నా పక్కన కూర్చుంది. "అక్కా, నువ్వు మాట్లాడింది యా దినము?" అంది. మంగళవారం అన్నాను. ఆమె ఓబులేసు వైపు చూసింది.

సోమవారం వాళ్ల ఫోన్ కిందపడి పగిలిందట. కళ్యాణదుర్గంలో రిపేరుకిచ్చి గురువారం తెచ్చుకున్నారు. ఆ మూడు రోజులూ సిమ్ము ఇంట్లో, కుంకుమ భరిణెలో ఉంది. ఇంకో ఫోన్ లేదు. నా ఫోన్ తీసి చూపించాను. మంగళవారం, నాలుగూ ఇరవై, పదమూడు నిమిషాలు. నంబరు ఒక్కొక్క అంకె చదివి సరిచూసుకున్నాం. అదే. ఓబులేసు ఫోన్లో ఆ రోజు ఒక్క కాల్ కూడా లేదు.

ఇంటికొచ్చాక ఊరుకోలేదు. లైన్లు కలిసిపోయాయంటే, అలా కలిసిన మనిషికి ఆ వంక ఎలా తెలుసు? తెలుగు మేడంను అడిగాను. వాళ్లు ఇసుకలోనే పడుకున్నారు, ఆ బండ పేరు ఆమె విననే లేదు. చిన్నప్పుడు నేనే ఎక్కడైనా విని మరిచానేమోనని అమ్మను అడిగాను. ఆమెకూ తెలియదు. కంబళి మాట మా వైపు ఎవరైనా చెబుతారు, గొర్రెలు ఎక్కడైనా ఉంటాయి, అవి లెక్కలోకి తీసుకోను. ఆ ఊరి ముసలివాళ్లందరినీ ఓబులేసు విచారించాడు. ఎవరూ ఆ ఫోన్ మాట్లాడలేదు.

ఇది చెప్పినప్పుడల్లా అందరూ ఒకటే అడుగుతారు, అది మీ నాయన గొంతా అని. కాదు. నాయన గొంతు నాకు తెలియదా? ఈయనెవరో నేను ఎన్నడూ వినని మనిషి. అయినా పరాయివాడు అనిపించలేదు.

ఈ దసరాకు మళ్లీ పోదామని పిల్లలు గొడవ చేస్తే మొన్న ఫోన్ చేశాను. లక్ష్మిదేవి ఎత్తింది. ఇప్పుడు టెంట్లన్నీ గట్టుకు పైనే వేస్తున్నారట. మాటలయ్యాక, "అక్కా, ఈతూరి ఆ పెద్దాయన ఎత్తితే ఒక మాట అడుగు. మా సేన్లో బోరు యాడ వేస్తే నీళ్లు పడతాయో. మూడు వేసినాము, మూడూ ఎండిపోయినాయి" అంది.

నేను నవ్వాను. అవతల ఆమె నవ్వలేదు.

"నిజంగానే చెప్తాండానక్కా. మీద యాడో కురిసేది తెలిసినాయప్పకు, కింద యాడుండేది తెలీదా?"

"సరే, అడుగుతాను" అన్నాను.

ఎవరిని అడగాలో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.