డెబ్బై నాలుగు కిలోలని చెప్పి తఖీరాలో పడవెక్కాను

నలభై ఎనిమిది నిండిన రోజున, మోకాళ్ళు మొరాయించకముందే నెలకొక కొత్త పని చేసి చూడాలని తీర్మానించుకున్నాను. మొదటి నెల పాడెల్ అనే రాకెట్ ఆట ఆడి పిక్క పట్టేసి వారం కుంటుతూ నడిచాను. రెండో నెల ఈత నేర్చుకుందామని వెళ్ళి కొలను పక్కన బల్ల మీద కూర్చుని వచ్చాను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని సామెత కదా. రెండోది నాకు ఎట్లాగూ వచ్చేసింది కాబట్టి మొదటిది కూడా నేర్చుకోమంది మా ఆవిడ సరళ. నేను వినలేదు. మూడో నెలకు అల్ తఖీరా మడ అడవుల్లో కాయక్ నడపాలని పెట్టుకున్నాను. ఖతర్‌లో పద్నాలుగేళ్ళు ఉండి ఇసుక తప్ప ఏమీ చూడలేదంటే నలుగురూ నవ్వుతారు.

కాయక్ ఇద్దరు కూర్చునే సన్నని పడవ. సరళ రానంది కాబట్టి ఆమె తమ్ముడు ఓబులేసును పట్టుకున్నాను. మాది రాయచోటి పక్క. ఓబులేసు గరాఫాలో ఒక ఇంట్లో పదకొండేళ్ళుగా హౌస్ డ్రైవర్. నెలకొక శుక్రవారం పొద్దున సెలవిస్తారు, అదీ పది గంటల వరకే. పదింటికి ఆ ఇంటి ముసలమ్మను పెద్దకొడుకు ఇంటికి శుక్రవారం భోజనానికి తీసుకెళ్ళాలి. ఆమెకు ఓబులేసు నడిపితేనే ధైర్యం, మరొకరు నడిపితే దారి పొడుగునా దువా చదువుతూనే ఉంటుందట. ఈ సంగతి చెప్పేటప్పుడు వాడి ముఖం వెలిగిపోతుంది. పదిలోపు తమ్ముణ్ణి గేటు దగ్గర దించుతానని సరళకు మాటిచ్చాను. కంపెనీలో నేను టైమ్‌కీపర్ని. పది నిమిషాలు లేటైనవాడి గంట జీతం కోసే మనిషి మాట కదా, ఆమె నమ్మింది.

ఐన్ ఖాలిద్‌లో ఇంటి నుంచి ఐదుంపావుకు బయలుదేరి, గరాఫాలో వాణ్ణి ఎక్కించుకుని, అల్ ఖోర్ రోడ్డు పట్టుకున్నాను. శుక్రవారం ఆ వేళకు రోడ్డంతా ఖాళీ, గరాఫా నుంచి ముప్పావుగంటలో చేరొచ్చు. ఈ ఒక్క పూట దొరలా పక్కన కూర్చోమన్నాను. కూర్చున్నాడు గానీ ప్రతి సిగ్నల్ దగ్గరా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. అల్ ఖోర్ దగ్గర పెట్రోల్ బంకులో రెండు కరక్ టీలు తాగాం, నాలుగు రియాళ్ళయింది. సరళ కట్టిచ్చిన ఉగ్గాని ముప్పాతిక భాగం నేనే తిన్నాను. నా బరువు గురించి చెప్పబోతున్నాను కాబట్టి ఇది కూడా చెప్పడం న్యాయం.

కాయక్‌కు మనిషికి నూటయాభై రియాళ్ళు, ముందే బుక్ చేసుకోవాలి. గైడ్ నేపాల్ మనిషి, హిందీలో ఓపికగా చెప్పాడు. పోటు నిండుగా ఉన్నప్పుడే కాలువల్లోకి వెళ్ళాలని, ఎనిమిదిన్నరకు నీళ్ళు తగ్గడం మొదలవుతుందని, ఆలోపు తిరిగి రావాలని. తర్వాత అందరి బరువులూ అడగడం మొదలుపెట్టాడు. పడవను తిప్పేది వెనక మనిషి, బరువైనవాళ్ళు వెనకే కూర్చోవాలట. మా వెనక వరసలో పాతికేళ్ళ పిల్లలు పదిమంది నిలబడి ఉన్నారు. ఓబులేసు ఎనభై రెండన్నాడు. నాది తొంభై ఒకటి, పోయిన నెల కంపెనీ మెడికల్‌లో నా కళ్ళతో చూసిన అంకె. నోరు తెరిస్తే డెబ్బై నాలుగని వచ్చింది. అది నా పెళ్ళినాటి బరువు.

ఆ బరువుకు తగ్గ లైఫ్ జాకెట్ ఇచ్చారు. పొట్ట దగ్గర బకిల్ అందలేదు. పెద్దది అడిగితే గుట్టు బయటపడుతుందని ఊపిరి బిగబట్టి పెట్టుకున్నాను. ఫోన్లు కార్లో పెట్టి, నేను ముందు, ఓబులేసు వెనక కూర్చున్నాం.

ఆ చోటు అందమైనదే. చుట్టూ ఎడారి, మధ్యలో ఉప్పునీళ్ళలో పచ్చటి చెట్లు, కొమ్మల మీద తెల్లకొంగలు. నేను వాటిని చూసింది తక్కువ. మా పడవ ముక్కు నీళ్ళలోకి దిగిపోయి, తోక పైకి లేచి, ఎటు తిప్పినా వేరే పక్కకు పోతోంది. మొదట చెట్లలోకి, తర్వాత ఆ పిల్లల పడవలోకి. "బండి ఎడంపక్కకు లాగుతాంది బావా, అలైన్‌మెంటు పోయినట్టుంది" అని నవ్వాడు ఓబులేసు. నేనూ నవ్వాను. గైడ్ రెండుసార్లు వెనక్కి వచ్చి తెడ్డు ఎలా వెయ్యాలో వాడికి నేర్పాడు. మూడోసారి, వాడి పనేమిటో అడిగి తెలుసుకుని, డ్రైవర్‌వై ఉండి తిప్పడం రాదా అని అడిగాడు. అప్పటి నుంచి వాడు నవ్వలేదు. తెడ్డు ఆపి తన అరచేతులు చూసుకోవడం, మళ్ళీ వెయ్యడం. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. ఇంకాసేపట్లో అయిపోతుందిలే అనుకున్నాను.

అందరూ తిరుగుముఖం పట్టాక, కాలువ మలుపులో మా పడవ ముక్కు బురదలో దిగబడింది. నీళ్ళు కళ్ళెదుటే తగ్గిపోతున్నాయి. ఓబులేసు మోకాళ్ళ దాకా బురదలో దిగి నెట్టాడు, చెప్పులు రెండూ బురద మింగేసింది. నేను పల్లకిలో పెళ్ళికొడుకులా కూర్చునే ఉన్నాను. దిగితే కూరుకుపోతానని భయం. వాడు టైమెంతయిందని అడిగాడు. నా చేతి వాచీలో తొమ్మిదింపావు. ముసలమ్మ గుర్తొచ్చి వాడు ఇంకా గట్టిగా నెట్టాడు.

గైడ్ వెతుక్కుంటూ వచ్చి, పడవ ముక్కునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఈయన బరువు నిజంగా డెబ్బై నాలుగేనా అని నన్ను కాదు, ఓబులేసును అడిగాడు.

వాడు చెమట తుడుచుకుంటూ హిందీలో చెప్పాడు. "మా బావ అబద్ధమాడే మనిషి కాదు. తప్పు నా చేతిదే."

నాకు ఆ బురదలోకి పోయి దాక్కోవాలనిపించింది. "తొంభై ఒకటి" అన్నాను. గైడ్‌కు వినపడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఓబులేసు నా వైపు చూసి, పడవ పట్టుకుని నిలబడ్డాడు. నేను దిగాను, మునగలేదు. సీట్లు మార్చుకున్నాక, జీవితంలో తెడ్డు పట్టని నేను వెనక కూర్చున్నా ఆ పడవ తిన్నగా పోయింది.

కారు దగ్గరికి వచ్చేసరికి పదికి పావు తక్కువ. ఓబులేసు వట్టికాళ్ళతో వచ్చి తాళాలడిగి తీసుకున్నాడు. ఆ ఇంటి మేడమ్‌కు ఫోన్ చేసి, నా తప్పే మేడమ్, లేటవుతుంది అని చెప్పాడు. తర్వాత కారు తీసి అల్ ఖోర్ రోడ్డెక్కాడు. నేను క్షమించమన్నాను. వాడు రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"చెప్పులు పోతే పోయినాయి బావా. పదకొండేండ్లు స్టీరింగు పట్టినోణ్ణి. ఈ పొద్దు నా చేతుల మింద నాకే అనుమానమొచ్చె."

గరాఫా చేరేసరికి పదిన్నర. గేటు లోపల కారు లేదు. ముసలమ్మను చిన్నకొడుకు తీసుకెళ్ళాడని వంటమనిషి చెప్పింది, వచ్చే నెల సెలవు లేదని కూడా. నేను లోపలికి వచ్చి చెబుతానంటే ఓబులేసు వద్దన్నాడు. కారు ఉండాల్సిన చోట వట్టికాళ్ళతో కాసేపు నిలబడి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నడివయసులో కొత్త పనులు చెయ్యండి, నవ్వులపాలు కండి, ఏం ఫరవాలేదు. ఆ పిల్లలు నా పొట్ట చూసి నవ్వి ఉంటే ఐదు నిమిషాలకు మరిచిపోయేవాళ్ళు. ఆ నవ్వు తప్పించుకోవడానికి నేను ఓబులేసును పూటంతా దోషిగా నిలబెట్టాను. కొత్త పని చెయ్యడానికి పోయినవాణ్ణి, బరువూ వయసూ దాచుకునే పాత పనే చేసి వచ్చాను. సరళకు అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు, తమ్ముడికి చెప్పుల జత కొనడానికి నజ్మా బజారుకు వెళ్ళింది. నన్ను రావద్దంది.

తఖీరా వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీళ్ళు పెరుగుతున్నప్పుడే పడవెక్కండి. బరువు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, మీరు దాచిన కిలోలు వెనక కూర్చున్నవాడు మొయ్యాలి.