పిట్ట ముట్టని ఊపిరి

సారక్క తుడిచిన గదిలోకి చెప్పులతో అడుగుపెట్టే ధైర్యం మా ఆఫీసులో ఎవరికీ లేదు. ఆఫీసు అనగానే పెద్దగా ఊహించుకోకండి. సూరత్‌లో, ఆల్థాన్ పేటలో కింద పాల దుకాణం, పైన పిల్లల ట్యూషన్లు, నడిమి అంతస్తులో మావి రెండు గదులు. ఒకదాంట్లో నేనూ సుహాసూ కూర్చుంటాం. రెండోదాంట్లో యంత్రం, తూకం, గాజు సామాను. ఆ సామాను కడిగి గదులు తుడవడానికి సారక్క లింబాయత్ నుంచి ఆటోలు మారి వచ్చేది. సిరిసిల్ల పక్క పల్లెలో పుట్టింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ పెరిగింది. పెళ్లయి సూరత్ వచ్చాక చీరలకు రాళ్లు అంటించింది, ఎవరెవరి ఇళ్లలోనో అంట్లు తోమింది, చివరికి మా దగ్గర తేలింది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడింట్లోనూ కడుపునిండా తిట్టగలదు. నన్ను తిట్టని రోజు ఏదో వెలితిగా ఉండేది.

మేం చేస్తున్నది బీడీలూ సిగరెట్లూ మాన్పించే ఒక చిన్న పరికరం. బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టం. అందులో ఒక గుళిక పెట్టి నొక్కితే రెండు సూదులు దానికి చిల్లులు పొడుస్తాయి. నోట్లో పెట్టుకుని పీలిస్తే గుళిక గిర్రుమని తిరిగి, లోపలున్న నికోటిన్ పొడి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోవాలి. పొగ లేదు, నిప్పు లేదు, బ్యాటరీ లేదు. పీల్చేవాడి ఊపిరే దానికి ఇంజను. చిక్కంతా అక్కడే ఉంది. ఊపిరి మరీ విసురుగా ఉంటే పొడి గొంతుకు కొట్టుకుని దగ్గొస్తుంది. మరీ నీరసంగా ఉంటే గుళిక కదలదు.

అందుకని సుహాస్ ఒక యంత్రం తెప్పించాడు. పెద్ద పిచికారీ లాంటిది. ఒక మనిషి ఊపిరి ఎలా మొదలైంది, ఎంత లాగింది, ఎక్కడ తెగింది అంతా దానికి ఎక్కిస్తే, మళ్లీ అచ్చం అలాగే ఎన్నిసార్లయినా పీలుస్తుంది. పరికరాన్ని దాని మూతికి తగిలించి, ఎంత పొడి ఎక్కడ పడిందో తూచుకుంటాం. సుహాస్ ఊపిరి ఎక్కించాం, నాది ఎక్కించాం. మేమిద్దరం జన్మలో బీడీ ముట్టని వాళ్లం. మా ఊపిరితో చేసిన వస్తువు మగ్గాల కార్మికుడికి ఏం పనికొస్తుందని నేనే గొడవ పెట్టాను.

గచ్చు తుడుస్తున్న సారక్క చెయ్యి ఆపింది. "ఏంది సార్, గీ బుడ్డ గొట్టం గుంజితే బీడీ ఇడుస్తరా?"

"విడవాలనే కదమ్మా మా తాపత్రయం," అన్నాడు సుహాస్.

"అయితే మా ఆయనను తోల్కొస్త. ఆయన బీడీ ఇడిసిపెడ్తే మీకు దండం పెడ్త. నేను సుట్టిన బీడీలు తాగే మొగోడయిండు ఆయన. నా చేతుల పాపమే గది."

మగ్గాల కార్ఖానా సెలవు రోజున సారక్క భర్త సదానందం వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, సన్నటి మనిషి, మాటకు ముందు దగ్గు. కుర్చీ చూపిస్తే దాని అంచు మీద కూర్చున్నాడు. అప్పటికింకా మేం నికోటిన్ వాడటం లేదు, గుళికలో ఉత్త పాలచక్కెర పొడే. సుహాస్ అతని చేతికి గొట్టమిచ్చి పీల్చమన్నాడు.

"దమ్ములెక్క గుంజాల్నా సార్?"

"మీకెలా అలవాటో అలాగే."

సదానందం ఒక్క ఊపున సర్రున లాగాడు. గుళిక గిర్రుమంది. వెంటనే, గొట్టం పెదాల నుంచి పూర్తిగా తీయకముందే, ముఖం పక్కకు తిప్పి 'తుఫ్' అని ఊశాడు. ఆ విసురులో సగం గాలి గొట్టంలోకే పోయి పొడి తడిసి ముద్దయింది. మళ్లీ ప్రయత్నించాం. మళ్లీ అంతే. సర్రు, గిర్రు, తుఫ్.

"అట్ల ఊయకండి సదానందం గారూ," అన్నాడు సుహాస్.

"నా చేతుల లేదు సార్," అన్నాడతను సిగ్గుపడుతూ. "మగ్గం నాడెల పోగు ఎక్కియ్యాలంటే దాని కన్నుకు నోరు పెట్టి గిట్లనే గుంజుతం. పోగుతోని నూగు సుత నోట్లెకొస్తది. ఉయ్యకపోతే గొంతుల పడ్తది. చిన్నప్పటి సంది గదే పని."

"ఇంట్ల చాయ్ తాగినా గంతే మేడం," అంది సారక్క. "గుటక మింగుడు, గోడదిక్కు తుఫ్ అనుడు. గోడ కడగలేక సచ్చిన."

అందరం నవ్వాం. ఆ రోజు నాకిష్టమైన రోజుల్లో ఒకటి. సదానందం ఊపిరిని, చివరి తుఫ్‌తో సహా, యంత్రానికి ఎక్కించాం. అతని కోసమే గొట్టం మూతికి లోపల రేకులాంటి చిన్న తలుపు గీశాను. గాలి లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. వెళ్లేముందు సదానందం గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఇది తయారైనంక మొదటిది నాకియ్యుండ్రి. బీడీ బందువెడ్తా. ఈమెకు మాటిచ్చిన."

వానలు తగ్గకముందే సదానందం పోయాడు. ఏళ్లనాటి దగ్గు, పాడైపోయిన ఊపిరితిత్తులు, దానికి తోడు జ్వరం. సర్కారు ఆసుపత్రిలో మంచం దొరికింది కానీ మనిషి దక్కలేదు. కర్మకాండలు ముగించుకుని సారక్క పనిలోకి వచ్చినప్పుడు, ఏమనాలో తెలియక నేను టీ పెట్టి ఇచ్చాను. గ్లాసు అందుకుని గచ్చు మీదే కూర్చుంది.

"పిట్ట ముట్టలే బిడ్డా," అంది. మేడం అనడం ఆ రోజుతో మానేసింది.

వాళ్ల వైపు మూడో నాడు చనిపోయిన వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు. తాపీ నది ఒడ్డున అన్నం, కోడికూర, చాయ్, బీడీ కట్ట అన్నీ పెట్టారట. కల్లు సూరత్‌లో ఎక్కడిది, దానికీ దండం పెట్టి క్షమించమన్నారట. కాకులు వచ్చాయి. చుట్టూ వాలాయి. ఒక్కటీ దగ్గరికి రాలేదు. ఎండ ముదిరేదాకా చూసి, చుట్టాలు విసుగెత్తి విస్తరి నీళ్లలో వదిలేశారు.

"ఏం మిగిలిందో తెలుస్తలేదు. ఎంత అడిగినా ముట్టలే," అంది. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ఆమె గ్లాసులో ఇంకొంచెం టీ పోశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సారక్క యంత్రం గదిలో గాజు సామాను కడుగుతోంది. నేను కొత్త గొట్టం తగిలించి యంత్రం నడిపాను. ఎవరి ఊపిరి ఎక్కి ఉందో ఆలోచించలేదు, నా చూపంతా తూకం మీద ఉంది. సర్రు. గిర్రు. తుఫ్.

వెనక గాజు పగిలింది.

తిరిగి చూస్తే సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, యంత్రాన్ని కాదు, దాని పక్కనున్న గోడను చూస్తోంది. తుఫ్ అని ఎటు ఊస్తాడో అటు. ఎవరి ఊపిరి ఎక్కి ఉందో అప్పుడు గుర్తొచ్చింది. ఆపబోయాను.

"ఉండనియ్యి," అంది. "ఇంకొక్కపారి."

మళ్లీ నడిపాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఏడవలేదు. పగిలిన గాజు ఏరి, గచ్చు తుడిచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి సాయంత్రం మాకు టీ తెచ్చినప్పుడు ఒక గ్లాసు యంత్రం పక్కన పెట్టేది. సుహాస్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నేనూ అంతే. చల్లారాక తనే తీసి పారబోసేది.

అసలు సంగతి తర్వాత మొదలైంది. యంత్రం పీల్చే ఊపిరి మారకూడదు. మారదు కాబట్టే దాన్ని కొన్నాం. కానీ సదానందం ఊపిరి రోజురోజుకీ నీరసించింది. మొదట్లో సర్రుమన్న లాగుడు మెత్తబడింది. గుళిక తడబడుతూ తిరిగింది. పిస్టన్ వాషరు అరిగిందన్నాడు సుహాస్. కొత్తది వేశాం. నా ఊపిరి ఎక్కిస్తే నాది నిక్షేపంగా ఉంది. సుహాస్‌దీ ఉంది. సదానందానిది ఎక్కిస్తే మళ్లీ అదే నీరసం. కంపెనీ మనిషి వచ్చి అన్నీ విప్పి చూసి, యంత్రం బాగానే ఉందని చెప్పి, మా టీ తాగి పోయాడు.

"ఆయాసమొస్తంది ఆయనకు," అంది గుమ్మంలో నిలబడ్డ సారక్క. "దినమంత గుంజిపిస్తున్నరు. పానమున్నప్పుడు మగ్గం సాంచలు గుంజిపిచ్చినయి, ఇప్పుడు మీరు."

సుహాస్ కుర్చీలోంచి లేచాడు. "అది యంత్రం సారక్కా. వట్టి లెక్కలు."

"మీకు లెక్కలే సార్. నాకు మొగడు. పిట్ట ఎందుకు ముట్టలేదో నాకిప్పుడు ఎరుకయింది. ఊపిరి ఈడ పెట్టుకుని పిట్టకాడికి ఎట్లొస్తడు? ఇడిసిపెట్టుండ్రి సార్. మీ కాల్మొక్త."

సుహాస్ చెడ్డవాడు కాదు. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం చేసిన తండ్రి పెంపకం, లెక్కకు అందని మాట అతనికి చెవికెక్కదు. పైగా మా పని మొత్తం ఆ ఒక్క ఊపిరి మీద నిలబడి ఉంది. దానికి సరిపోయిన గొట్టం ఏ కార్మికుడికైనా సరిపోతుంది. నేను మాత్రం సారక్క పక్షమే అన్నాను. నమ్మి కాదు. ఆ తడబడే గిర్రు ఒంటరిగా ఆ గదిలో కూర్చుని వినడం నావల్ల కావడం లేదు. నాకు భయంగా ఉంది, అదీ నిజం. రెండు రోజులు వాదులాడుకున్నాక సుహాస్ దిగొచ్చాడు. సారక్క కళ్ల ముందే యంత్రంలోంచి ఆ ఊపిరిని తీసేశాడు.

మరునాడు ఆమె వంట చేసుకుని వచ్చింది. వెనక బాల్కనీ గోడ మీద విస్తరి పరిచి అన్నం, కోడికూర, చాయ్, బీడీ కట్ట పెట్టింది. ముగ్గురం లోపలికి జరిగి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. ఎదురు బిల్డింగు నీళ్ల ట్యాంకు మీద, కేబుల్ తీగల మీద, మా గోడ చివరన కూడా వాలాయి. ఒక్కటీ అరవలేదు. ఒక్కటీ విస్తరి వైపు రాలేదు. ఊరికే మా వైపు చూస్తూ కూర్చున్నాయి. కింద పాల దుకాణంలో బేరాలు, పైన పిల్లల ఎక్కాలు మామూలుగా వినిపిస్తూనే ఉన్నాయి.

సారక్క చాలాసేపు చూసింది. తర్వాత సుహాస్ వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో.

"ఇంకా యాన్నో ఉన్నడు సార్."

సుహాస్ ముఖంలో నెత్తురు లేదు. అతను నా వైపు కూడా చూడలేదు. వెళ్లి తన సంచిలోంచి ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద తెరిచాడు. రేపెప్పుడైనా పనికొస్తుందని ఆ ఊపిరికి ఒక నకలు అందులో దాచుకున్నాడు. అది నాకు కూడా చెప్పలేదు. ఆ క్షణంలో అతన్ని కొట్టాలనిపించింది.

"మీరే తీసెయ్యండమ్మా," అన్నాడు. "ఇక్కడ నొక్కితే చాలు. ఇంకెక్కడా లేదు. మా అమ్మ మీద ఒట్టు."

సారక్క వేలు మీట దాకా తెచ్చి ఆపింది. "ఒక్కపారి ఇననియ్యుండ్రి. ఆకరిపారి."

ల్యాప్‌టాప్‌నే యంత్రానికి తగిలించి నడిపాం. లాగుడు మొదలైందో లేదో తెలియలేదు. గుళిక ఒక్కసారి కదిలి, పక్కకు ఒరిగి ఆగిపోయింది. తుఫ్ కోసం ముగ్గురం ఎదురుచూశాం. ఎప్పుడూ తప్పనిది, రాలేదు.

"పోతున్నడు," అని సారక్క మీట నొక్కింది. ఆ తర్వాత, ఇంతకాలం ఏడవని మనిషి, బల్ల పట్టుకుని ఏడ్చింది. ఇక ఎప్పటికీ వినపడడని ఏడ్చింది. తనే పంపించేశానని ఏడ్చింది. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను, నాకూ ఏడుపు ఆగలేదు.

బాల్కనీలో రెక్కల చప్పుడైంది. వెళ్లి చూస్తే విస్తరి మీద కాకులే కాకులు. అన్నం, కూర చిందరవందర. టీ గ్లాసు ఒరిగి ఉంది. ఒక కాకి బీడీ కట్టను ముక్కుతో పట్టి, గోడ అవతలికి విసిరేసి, మళ్లీ అన్నంలో ముక్కు పెట్టింది.

సారక్క కళ్లు తుడుచుకుంది. "మాటిచ్చినట్టే బందువెట్టిండు," అని నవ్వింది.

తర్వాత మా పని ఆగిపోయింది. మగ్గాల మనుషుల ఊపిరి ఇంకొకటి కావాలి. ఒకరోజు సారక్క అడగకుండానే బల్ల మీది గొట్టం తీసి నోట్లో పెట్టుకుని లాగింది. చిన్నప్పటి నుంచి పీల్చిన పొగాకు దుమ్ము ఎక్కడికి పోతుంది, ఆమె ఛాతీలో సన్నగా ఈల వినిపించింది. గుళిక కాస్త తిరిగి ఆగింది. ఆమె ముఖం గోడ వైపు తిప్పి తుఫ్ అంది. ఎందుకన్నదో ఆమెకే తెలిసినట్టు లేదు.

సుహాస్ లేచి నిలబడ్డాడు. అలాంటి ఊపిరి కోసమే అతను వెతుకుతున్నాడు. నోరు తెరిచి అడిగేశాడు కూడా, చాలా మెల్లగా, చాలా మర్యాదగా.

సారక్క గొట్టాన్ని కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"నాది వద్దు సార్. ఆయనను ఇడిపిచ్చెతందుకు నేనున్న. నన్ను ఇడిపిచ్చెతందుకు ఎవలున్నరు?"

పొరక తీసుకుని పక్క గది ఊడవడానికి వెళ్లింది.