ఎదురింటి ద్వారబంధం

సింగపూర్‌ హౌగాంగ్‌లో మా ఎదురు ఫ్లాట్ చాలాకాలం ఖాళీగా ఉండేది. అమ్మకానికి పెట్టారని ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయితో అన్నాను. మాటవరసకి అన్నదే. ఆమె, ఆమె భర్త వచ్చి చూసుకుని, నిజంగానే కొనేశారు.

ఆమె యూదుల అమ్మాయి. పుట్టి పెరిగింది సింగపూర్‌లోనే. ఆమె పూర్వీకులు ఎప్పుడో బాగ్దాద్ నుంచి ఇక్కడికి వ్యాపారానికి వచ్చారట. భర్తది లండన్. మా ఆఫీసున్న చాంగీ బిజినెస్ పార్క్‌లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె తన డబ్బా తాను తెచ్చుకునేది తప్ప హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో ఏదీ ముట్టేది కాదు. నాకు ఆమె మతం గురించి అప్పటికి తెలిసింది అంతే.

మా అత్తగారిది మలేషియా. పేరాక్‌లో ఒక కొబ్బరి ఎస్టేట్‌లో, తెలుగు కూలీల కుటుంబంలో పుట్టింది. నేను గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఆమె కొడుకుని చేసుకున్నాను. ఆమె తెలుగులో మలయ్, తమిళం కలగలిసి వస్తాయి. ఇంగ్లీషు మాత్రం అంతంతమాత్రం.

వాళ్లు సామాన్లు తెచ్చుకునే ఆదివారం ఉదయం నేను కూరగాయలు కొనుక్కుని లిఫ్ట్ దిగేసరికి ఎదురింటి గడప పసుపుపచ్చగా మెరిసిపోతోంది. మీద వరసగా కుంకుమ బొట్లు. పక్కనే అత్తగారు చెయ్యి తుడుచుకుంటోంది.

“అత్తయ్యా, ఇదేంటి? వాళ్లని అడగకుండా!”

“కొత్తిల్లు కదమ్మా. బోడి గడప దాటి లోపలికెళ్లకూడదు.”

వాళ్లకి విగ్రహాలు, బొట్లు నిషిద్ధమని ఎక్కడో విన్నాను. తడిగుడ్డ కోసం ఇంట్లోకి పరిగెత్తి వచ్చేలోపే వాళ్లు వచ్చేశారు. ముందు నా స్నేహితురాలు, వెనక అట్టపెట్టెతో భర్త, ఆ వెనక చేతిలో చిన్న సంచీతో ఆమె తండ్రి. ఆయన గడప దగ్గర ఆగిపోయారు. ఎవరు పెట్టారని అడిగారు. నేను ఇంగ్లీషులో క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాను. ఈలోగా మా అత్తగారు, తనని ఏదో అడుగుతున్నారని గ్రహించి, మలయ్‌లో జవాబు చెప్పేసింది.

ఆయన ముఖం ఎలా విప్పారిందో ఇప్పటికీ నా కళ్లముందుంది. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో, వీధిలో అందరూ మలయ్‌లోనే మాట్లాడుకునేవారట. భార్య పోయాక ఆయనతో ఆ భాషలో మాట్లాడేవాళ్లే లేకుండా పోయారని తర్వాత కూతురు చెప్పింది.

వాళ్ల మలయ్ మాటల్ని అత్తగారు నాకు తెలుగులో, ఆయన కూతురికి ఇంగ్లీషులో చెబుతూ వచ్చారు. పసుపు ఎందుకు పెడతారని ఆయన అడిగారు. లక్ష్మీదేవి వస్తుందని అత్తగారు చెప్పింది. ఆయన ఎంతో మన్ననగా, మా వాకిట్లో ఇంకో దేవుడి గుర్తు ఉండకూడదమ్మా, మిమ్మల్ని నొప్పించకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు అన్నారు. అత్తగారు నా చేతిలోని తడిగుడ్డ లాక్కుని, కింద కూర్చుని తానే గడప తుడవడం మొదలుపెట్టింది.

“ఎవరి గడప మీద వాళ్ల దేవుడుండాలి. దీనికంత మొహమాటమెందుకట?” అంది నాతో.

అప్పుడాయన సంచీలోంచి మఖమల్ గుడ్డలో చుట్టిన వస్తువు తీశారు. వేలెడంత వెండి గొట్టం. దాని పేరు మెజూజా అన్నారు. బైబిల్ నాటి హీబ్రూలో ఆ మాటకి ద్వారబంధం అనే అర్థమట. గుమ్మానికి అటూ ఇటూ నిలబడే కమ్ములు. దేవుడు ఒక్కడే, ఆయన్ని నిండు మనసుతో ప్రేమించు, ఈ మాటలు నీ పిల్లలకి చెప్పు, నీ ఇంటి ద్వారబంధాల మీద రాసుకో అని వాళ్ల గ్రంథంలో ఉందట. ఆ వాక్యాల్నే లేఖకుడొకడు తోలుపత్రం మీద చేత్తో రాస్తాడు. దాన్ని చుట్టి ఈ గొట్టంలో పెడతారు. ద్వారబంధం పేరే పోను పోను దానికి తగిలించే వస్తువుకి వచ్చింది.

ఇంకా వెనకటి సంగతీ చెప్పారు. వాళ్ల పూర్వీకులు ఈజిప్టులో బానిసలుగా ఉన్న ఆఖరి రాత్రి ద్వారబంధాలకి గొర్రెపిల్ల రక్తం పూశారట. మృత్యువు ఆ ఇళ్లను దాటిపోయిందట, మర్నాడు విడుదలై నడిచి వెళ్లారట.

ఇది విని అత్తగారు తుడవడం ఆపింది. తమ ఎస్టేట్ కూలీల లైన్లలో ఇళ్లూ తలుపులూ అన్నీ కంపెనీవేనని, ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు చేయాలని, అయినా వాళ్లమ్మ శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసేదని చెప్పింది. తలుపు కంపెనీదైనా గడప మనదే అనేదట ఆవిడ. సందడి విని మా పాపని తీసుకుని బయటికొచ్చిన మా ఆయన కూడా ఈ మాట అంతకుముందు విన్నది కాదు.

తగిలించే దగ్గర పేచీ వచ్చింది. ఇక్కడి ఫ్లాట్ల ద్వారబంధం ఇనుపది, మేకు దిగదు. గట్టి జిగురు టేపు మా ఆయన తెచ్చాడు. ఫోన్‌లో మట్టం చూసి నిటారుగా గీత కూడా గీశాడు. నా స్నేహితురాలి తండ్రి మెచ్చుకున్నారు. ఆయన లండన్ అల్లుడు మాత్రం, మా ఇళ్లల్లో వాలుగా పెడతారు అన్నాడు. బాగ్దాద్ వాళ్లు నిటారుగానే పెడతారని మామగారన్నారు. పెట్టెలు మోసేవాళ్లు వాకిట్లో నిలబడిపోయారు. చివరికి నవ్వింది మామగారే. ఒకప్పుడు పండితులు ఇలాగే పోట్లాడుకున్నారట. నిలబెట్టాలని ఒకరు, పడుకోబెట్టాలని ఇంకొకరు. ఇద్దరి మాటా పోకుండా వాల్చి పెట్టారట. ఇల్లన్నాక అంతే, వాల్చండి అన్నారు.

అత్తగారికి ఇది తెగ నచ్చింది. “మన అత్తాకోడళ్లకి కూడా ఒకటి కావాలమ్మా,” అంది. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. నవ్వు ఆగితేగా.

అల్లుడు టోపీ సర్దుకుని, ప్రార్థన చదివి, లోపలికెళ్లేటప్పుడు కుడిచేతి వైపు వచ్చేలా, భుజం ఎత్తున దాన్ని అతికించాడు. అందరూ ఆమెన్ అన్నారు, మా అత్తగారితో సహా. ఒక్కొక్కరూ వేళ్లతో దాన్ని తాకి, ఆ వేళ్లను ముద్దుపెట్టుకుని లోపలికి నడిచారు. మా పాప నా చెయ్యి విడిపించుకుని ముందుకెళ్లింది.

“అంకుల్, I can touch or not?”

“Can lah,” అన్నారు పెద్దాయన సింగపూర్ ఇంగ్లీషులో, పాప అందుకునేలా ఎత్తి పట్టుకుంటూ.

మా భాషలో దీన్నేమంటారని ఆయన అడిగితే ద్వారబంధం అన్నాను. బంధమంటే కట్టు అని, మనుషుల మధ్య ఉండే ముడి కూడా అదేనని చెప్పాను. ఆయన ఆ మాటని రెండు ముక్కలుగా పలికి చూసుకున్నారు. “బంధం” బాగానే వచ్చింది గానీ “ద్వార” నోరు తిరగలేదు. పాప దగ్గరుండి దిద్దింది.

మా పాత్రల్లో వండినవి వాళ్లు తినరు కాబట్టి అరటిపళ్లు, ఒక పెద్ద పంపరపనస తీసుకెళ్లాం. పెద్దవాళ్లిద్దరూ విప్పని పెట్టెల మీద కూర్చుని, పంపరపనస తొనలు వలుచుకుంటూ పాత మలయ్‌లో ఒకటే కబుర్లు. వంటింటి సామాన్లున్న పెట్టె మీదే కూర్చున్నారని, వాళ్లని లేపలేక, ఆ పూట టీ మానేసి, కొన్న సీసా నీళ్లే కాగితం కప్పుల్లో తాగామని నా స్నేహితురాలు ఆఫీసంతా చెప్పింది.

శుక్రవారం సూర్యాస్తమయానికి వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆయన కూతురింటికి భోజనానికి వస్తారు. ఈ మధ్య బాగా ముందే వస్తున్నారు. లిఫ్ట్ తెరుచుకున్న చప్పుడు వినగానే మా అత్తగారు టీవీ కట్టేసి కారిడార్లో కుర్చీలు వేస్తుంది. వాళ్లు దేనికంత నవ్వుకుంటారో నాకూ నా స్నేహితురాలికీ తెలియదు. మా ఇద్దరికీ మలయ్ రాదు.