పరగడుపున ప్రసాదం

మా నాయన యాభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు. నేను ఆ వయసుకు దగ్గర పడేకొద్దీ మా ఆవిడకు నిద్ర కరువైంది. చివరికి గుండె ఎట్లా ఉందో చూపించడానికి తిరుపతిలో ఒక ఆసుపత్రికి బయలుదేరదీసింది. పరగడుపున రమ్మన్నారు. రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

పొద్దున గడప దాటుతుంటే, అప్పుడే కొండ దిగి వచ్చిన ఎదురింటాయన నా చేతిలో లడ్డూ పెట్టాడు. స్వామి ప్రసాదం వద్దనే నోరు మా వైపు ఇంకా పుట్టలేదు. మా ఆవిడ లోపల తాళంచెవి వెతుకుతోంది. ఆమె వచ్చేలోపు కళ్లకద్దుకుని తినేశాను.

"ఏమన్నా తిన్నావాన్నా?" అంది ఆసుపత్రిలో నెత్తురు తీసే అమ్మాయి.

"లేదమ్మా."

అబద్ధమాడుతున్నానని తోచనే లేదు. ఒక్కపొద్దు ఉండే మా అవ్వ కూడా ప్రసాదాన్ని తిండి కింద లెక్కేసేది కాదు.

సాయంత్రం పెద్ద డాక్టరు రిపోర్టు చూసి, "షుగరు బాగా ఎక్కువుండాదే" అన్నాడు. మా ఆవిడ ముఖం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చి లడ్డూ సంగతి చెప్పాను.

"నమ్మబాకండి సార్," అంది ఆమె. "పులికాట్‌లో ఈయన పట్టిన రొయ్య పడవనే లాక్కొని పోయిందని ఊరంతా చెప్పినాడు."

"పడవ చిన్నదిలే," అన్నాను.

డాక్టరు నవ్వలేదు. "రేపు మళ్లీ రాప్పా. దేవుడే ఇచ్చినా తినబాక."

మర్నాడు ఎదురింటాయన కంట పడకుండా మా ఆవిడ నన్ను వెనక సందులోంచి తీసుకుపోయింది. ఈసారి షుగరు దిగింది. రక్తపోటు, కొలెస్ట్రాల్ మాత్రం దిగలేదు. నాయన సంగతి కూడా విని డాక్టరు నా వైపు తిరిగాడు.

"మెట్లెక్కేటప్పుడు ఎద పట్టేసినట్టు ఉంటాదా?"

కొండకు నడిచిపోయి వచ్చిన ప్రతిసారీ, మోకాళ్ల పర్వతం కాడ కుర్రోళ్లను దాటేశానని ఇంట్లో చెప్పేవాణ్ణి. మా ఆవిడ నా నోటి వైపే చూస్తోంది.

"ఉంటాది సార్. ఆడనే కూర్చుంటాను. తగ్గినాక లేస్తాను."

"ఎప్పుట్నించి?" అని అడిగింది డాక్టరు కాదు, ఆమె.

"పోయిన ఎండాకాలం నుంచి."

డాక్టరు ఇంకో పరీక్ష రాసి, అది ఈ పొద్దే చేయించుకోమన్నాడు. ఆ గది పై అంతస్తులో ఉంది. అలవాటుగా మెట్ల వైపు నడవబోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లిఫ్టు దగ్గరికి లాక్కుపోయింది.