భుజం అక్కరలేని మోటారు

మొన్న పొద్దున నాగర్‌కర్నూలు గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చుని పత్రిక చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి పచ్చి పెట్రోలు వాసన ముక్కుకు కొట్టింది. తలెత్తి చూస్తే రోడ్డు మీద ఒక జీపు మొరాయించి ఆగి ఉంది. డ్రైవరు ఎంత ప్రయత్నించినా ఇంజను దగ్గి ఊరుకుంటోంది. చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డ కూలీలు గ్లాసులు కింద పెట్టి, ఎవరూ పిలవకముందే పరుగెత్తి వెనక భుజాలు ఆనించారు. లోపల ఇస్త్రీ మడతలు నలగని చొక్కాతో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన దిగలేదు. దిగాలన్న ఆలోచన కూడా ఆ ముఖంలో లేదు. ఇంత వయసు వచ్చినా ఈ ఒక్క దృశ్యం చూస్తే నాకు కోపం ఆగదు. ఆ కోపాన్ని నాకు అంటించి పోయినవాడు గద్వాల మాణిక్యప్ప.

మాణిక్యప్పను మీరెవరూ చూసి ఉండరు. ఆముదం గానుగల కుటుంబంలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. నిజాం రాజ్యంలోని మా సంస్థానాలలో మోటారు అంటే దొరలకూ అధికారులకూ మాత్రమే ఉండే వస్తువు. ఆ రోజులలో ఆయన గానుగలలో తన వాటా తెగనమ్మి, వనపర్తిలో ఒక పత్తి గోదాము ముందు భాగం కిరాయికి తీసుకుని, డన్‌మోర్ అనే సీమ కారుకు ఏజెన్సీ తెచ్చుకున్నాడు. ఆ పేరు మా వైపు ఎవరూ విని ఎరుగరు. నుదుట విభూతి, మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు, మండు వేసవిలోనూ ఆ కోటే. మెచ్చుకోవడం చేతకాదు. తిట్టడం మాత్రం రెండు భాషలలో వచ్చు, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు.

నాది తెలకపల్లి. మా నాయన మెట్ట సేద్యగాడు. బడి చదువు తొందరగానే ఆగిపోయింది గాని, వనపర్తిలో ఒక మిద్దె మీద నడిచే పఠనాలయంలో నిఘంటువుతో సహా ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఆ నిఘంటువును ఎదురుగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. కంపెనీ పంపే ఇంగ్లీషు పుస్తకాలను చదివి చెప్పేవాడు కావాలని మాణిక్యప్ప వెతుకుతుంటే పఠనాలయం వాళ్ళు నన్ను చూపించారు.

"ఏం సదివినవప్పా?" అన్నాడు ఆయన.

"దొరికిందల్లా సదివిన."

"మోటారు మీద?"

"ఒక వ్యాసం సదివిన."

"ఎన్నడన్న ఎక్కినవా?"

"లేదు."

"నేను గూడ ఏజెన్సీ తీసుకున్నంకనే ఎక్కిన. ఇద్దరం సమానమే. రేపటి సంది రా."

చేరిన కొత్తలోనే ఒకనాడు కోడేరు దారిలో పెట్రోలు అయిపోయి బండి ఆగింది. చేలకు పోతున్న మనుషులు అలవాటుగా వచ్చి వెనక చేరారు. నేను లోపల పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. మాణిక్యప్ప అప్పటికే దిగి, కోటు విప్పి సీటు మీద పడేసి, వాళ్ళ మధ్యన భుజం పెట్టాడు.

"దిగప్పా బాలయ్యా," అని అరిచాడు.

"వాళ్ళు తోస్తున్నరు గద సావుకారూ!"

"ఏం, సదువుకున్నోనికి బరువుండదా? దిగు. బరువు తగ్గుతది."

అందరూ నవ్వారు. నేను దిగాను. ఆ తరువాత ఎన్నో నీతి గ్రంథాలు చదివాను, ఏ ఒక్కటీ నన్ను అంత త్వరగా కదిలించలేదు. ఆయన దాన్ని నీతిగా చెప్పలేదు. మోటారు నడిపేవాడి లెక్కగా చెప్పాడు.

ఇక అమ్మకాల సంగతి. పేరున్న కార్లు అప్పటికే మా వైపు అక్కడక్కడా తిరుగుతున్నాయి. మేము ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే. "ఈ బండి హైదరాబాదుల ఎవరికున్నది?" మాణిక్యప్ప తడుముకునేవాడు కాదు. "ఎవరికీ లేదు దొరా. నవాబు కొన్నంక మీరు కొంటే నవాబు ఎనక నడిచినట్టే గద. మీరే ముందు కొనుండ్రి." నవ్వేవారు, శరబత్తు ఇచ్చేవారు, కొనేవారు కాదు. వానలు పడేలోగా ఒక్క బండైనా అమ్మకపోతే ఏజెన్సీ తీసేస్తామని కంపెనీ చెప్పేసింది. గానుగ వాటా పోయింది, ఇక ఏజెన్సీ కూడా పోతే ఆయన అన్నల ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "మన రోడ్లు బాగలేవని అందరు ఏడుస్తరు. మన బేరం అక్కడనే ఉన్నదప్పా," అన్నాడు. నిజమే. డన్‌మోర్ చూడటానికి వికారంగా, నేల నుంచి ఎత్తుగా ఉండేది. కాని చిన్న గేరులో వేస్తే దుందుభి వాగు ఇసుకను ఎద్దులాగ దున్నుకుంటూ దాటేది. పేరున్న కార్లు ఆ ఇసుకలోనే కూరుకుపోయేవి. అవి కూరుకుపోతాయని ముందే తెలుసు కనుక, దొర ప్రయాణమంటే పట్వారి ఊరి నౌకరైన సుంకరిని వాడలోకి పంపేవాడు. పని పాటలు వదిలి జనం వచ్చి, ఇసుక మీద ఈత మట్టలు పరిచి, కారును భుజాలతో తోసి దాటించాలి. కూలి లేదు, గంజి నీళ్ళు లేవు. దానికి వెట్టి అని పేరు.

కరపత్రం రాయమని నాకు చెప్పాడు. నేను నా చదువంతా పోగుచేసి రాశాను: "ఇసుకలోనైనా, రేగడిలోనైనా ఎవరి భుజమూ అక్కరలేని మోటారు." చదివి మొదటిసారి తల ఊపాడు. ఇంతకంటే బాగా అమ్ముడుపోయే మాట లేదనుకున్నాం ఇద్దరం. మోటారు కొనేవాడికి మోటారు నడవడమే కావాలనుకున్నాం. సంస్థానాలలో పుట్టి పెరిగి కూడా అంత వెర్రివాళ్ళం.

బల్మూరు వైపు, వాగు ఒడ్డున ఉన్న ఒక గ్రామపు దొర కబురు పంపాడు. వాగు దాటితే కొంటానన్నాడు. ఆ ఊరి పేరు రాయను, ఆయన మనవలు మంచివాళ్ళు. మేము వెళ్ళేసరికి వాగు ఒడ్డున ఎండలో జనం నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళ చంకలలో పిల్లలు. అందరికంటే ముందు సాయన్న అనే ముసలాయన నెత్తిన ఈత మట్టల మోపుతో ఉన్నాడు.

"మిమ్ములను ఎవరు పిలిచిండ్రు?" అని మాణిక్యప్ప అడిగాడు.

"దొర పిలిపిచ్చిండు. మోటారు దాటియ్యాల్నంట," అన్నాడు సాయన్న.

"ఈ బండికి అక్కర లేదు. ఇంటికి పోండ్రి."

"మా వడ్లు కల్లంలనే ఉన్నయి సావుకారూ, పోవాల్ననే ఉన్నది. పోతే దొర ఊకుంటడా? నీ బండి నువ్వు తీస్కపోతవు. మేం ఈడనే ఉండాలె."

మాణిక్యప్ప పోయి చక్రం ముందు కూర్చున్నాడు. దొర వచ్చి వెనక సీటులో కూర్చున్నాడు. నేను ముందు కూర్చున్నాను. బండి వాగులోకి దిగింది. నీళ్ళు చక్రాలకు చిమ్మాయి, ఇసుక గరగరమంది, ఒక్కచోట కూడా ఆగకుండా డన్‌మోర్ అవతలి ఒడ్డు ఎక్కింది. నాకు కేక వేయాలనిపించింది. జనం మట్టలు నెత్తి మీదే ఉంచుకుని నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఒక పిల్లవాడు చప్పట్లు కొడితే తల్లి చేయి పట్టుకుని ఆపింది.

"బండి మంచిగున్నది," అన్నాడు దొర. మాణిక్యప్ప ముఖం వెలిగింది. "తిప్పు. మళ్ళ వాగుల దించి, నడుమ ఇంజను బందు పెట్టు."

"ఎందుకు దొరా? నడుస్తది గద."

"నడుస్తదని నాకెరికే. వాళ్ళకు ఎరుక గావొద్దు. ఎవరి భుజం అక్కర లేదని కాగితాలు పంచుతవా నువ్వు? ఈ ఊర్ల గా మాట నడువది. తొయ్యనీ. తోసినంకనే బేరం."

వ్యాపారం మీద గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు అన్నీ చదివాను. సరుకు, ధర, గిరాకీ అని పెద్ద పెద్ద అధ్యాయాలు. నడిచే బండిని ఆపి మనుషులతో తోయించుకుంటే తప్ప తన దొరతనం తనకు కనబడని కొనుగోలుదారుడు ఒక్క పుస్తకంలోనూ లేడు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మా వాగు ఒడ్డున ఎండలో నిలబడి ఉండరు.

ఆ ఒక్క అమ్మకంతో ఏజెన్సీ నిలబడుతుంది. మాణిక్యప్ప ఒప్పుకుంటాడనే అనుకున్నాను. బండి తిప్పాడు కూడా. వాగులోకి దిగాడు. నడుమకు వచ్చాడు. జనం మట్టలు దించి ముందుకు వచ్చారు. సాయన్న తలపాగా బిగించాడు. మాణిక్యప్ప యాక్సిలరేటరును ఇంకా గట్టిగా తొక్కాడు. బండి గర్జించి ఇవతలి ఒడ్డు ఎక్కి, ఆగకుండా దొర ఉండే గడి ముంగిటికి వచ్చి నిలిచింది. ఆయన దిగి, వెనక తలుపు మర్యాదగా తెరిచాడు.

"ఈ బండి మీకు పనికి రాదు దొరా," అన్నాడు. "దీనికి ఆగుడు రాదు."

దొర దిగి, వెనక్కి చూడకుండా గడిలోకి నడిచాడు. మరుసటి వారమే ఒక పేరున్న కారు ఆ గడిలోకి వచ్చింది. మా బండి మీద మనసుపడిన నాగర్‌కర్నూలు డాక్టరు, "జర సమజ్ చేసుకో సావుకారూ, దొరతోని నాకెందుకు పంచాయితి?" అన్నాడు. ఇంకొకాయన మా ముఖం చూసి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మా కరపత్రాలు పంచవద్దని ఊళ్ళలో పట్వారులు చెప్పారు. తొలకరి పడింది, కంపెనీ పెట్టిన గడువు తీరింది.

కంపెనీ మనిషి రైలు దిగి వచ్చాడు. కోస్తావాడు, పాపం మర్యాదస్థుడే. జరిగిందంతా విని నుదురు తుడుచుకున్నాడు. "ఈ ప్రాంతంలో రోడ్లు బాగాలేవు, అందుకని అమ్మకాలకు అవకాశం లేదని రాస్తానండి. అదైతే ఎవరూ ఏమీ అనరు," అన్నాడు.

మాణిక్యప్ప బల్ల మీద గుద్దాడు. "రోడ్లు బాగలేవనా? ఆ రోడ్ల మీదనే గదయ్యా నా బండి గెలిచింది! కొనెటోళ్ళు బాగలేరని రాయి!"

"అలా రాస్తే నా ఉద్యోగం ఉండదండి."

అంతే. మా వాగులు, మా రేగడి, నోరు లేనివి కనుక నేరం వాటి మీద పడింది. ఈ సంగతి అంతా వ్యాసంగా రాసి ఒక పత్రికకు పంపాను. అచ్చు కాలేదు. అయినా ఇప్పటికీ మా ప్రాంతం వెనుకబడడానికి రోడ్లు కారణమని ఎవరైనా పెద్దమనిషి ఉపన్యాసం ఇస్తే, లేచి నిలబడి, మరి కొనేవాళ్ళ సంగతేమిటని అడుగుతాను. నన్ను కూర్చోబెట్టడానికి నలుగురు కావాలి.

బండిని వాపసు పంపేలోగా ఒక సంతరోజు సాయన్న గోదాముకు వచ్చాడు. చెంప వాచి, ఒక కన్ను సగం మూసుకుని ఉంది. వచ్చి గడప దగ్గర కూర్చుని నవ్వాడు.

"ఏమైందే?" అని అడిగాడు మాణిక్యప్ప.

"దొర కొత్త మోటారు వాగుల దిగబడ్డది. మాతోని తోసుడు కాలే. గప్పుడు నేను అడిగిన. ఆ సావుకారు బండి తనంతల తానే దాటె గద దొరా, ఇదెందుకు దాటదు అని."

"అడిగినవా!"

"నోరూకుంటదా? సుంకరితోని కొట్టిపిచ్చిండు. ఇగ సూడు, ఇప్పుడు ఊరు ఊరంత అదే అడుగుతున్నది. పోరగాండ్లు గూడ."

మాణిక్యప్ప లోపలికి పోయి చాలాసేపటి దాకా రాలేదు. వచ్చినప్పుడు కోటు వేసుకుని ఉన్నాడు. పెద్ద కొనుగోలుదారు వస్తేనే తుడిచే వెనక సీటును తన కండువాతో తుడిచాడు. "లే సాయన్నా. ఎక్కు," అన్నాడు.

"బట్టలకు మన్నున్నది సావుకారూ."

"ఎక్కప్పా. కొనెటోనికి సూపియ్యాలె గద బండి."

సాయన్న సీటు అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా కూర్చున్నాడు. ఊరి బయటి వాగులో తొలకరి నీళ్ళు పారుతున్నాయి. బండి ఒడ్డు దిగుతుండగానే సాయన్న తలుపు పట్టుకుని ఒక కాలు బయట పెట్టాడు. భయపడి కాదు. వాగు కనబడితే దిగి భుజం పెట్టడం ఆ ఒంటికి చిన్ననాటి నుంచి అలవాటు.

"కూసో," అన్నాడు మాణిక్యప్ప, వెనక్కి తిరగకుండానే. "నువ్వు దిగుడు లేదు."

సాయన్న కాలు లోపలికి తీసుకున్నాడు. నీళ్ళ నడుమకు వచ్చాక మెల్లగా వెనక్కి ఒరిగి కూర్చున్నాడు. నేను అద్దంలో చూశాను. వాచిన కన్నుతో, వాగును దాటించే మనిషిలా కాక, దాటే మనిషిలా చూస్తూ ఉన్నాడు. ఆ ఏజెన్సీ బతికిన కాలమంతటిలో మా బండిలో అంత నిండుగా కూర్చున్నవాడు ఇంకొకడు లేడు.

బండి పోయింది. మాణిక్యప్ప గద్వాలకు తిరిగిపోయి అన్నల గానుగలో లెక్కలు రాస్తూ, వాళ్ళ ఎత్తిపొడుపులు వింటూ బతికాడు. నేను చూడబోయినప్పుడల్లా, "బండి మంచిదేనప్పా," అని మాత్రం అనేవాడు. కొన్నేళ్ళకు పోయాడు. ఏ పుస్తకంలోనూ ఆయన పేరు ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొన్న పొద్దున నేను పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, కర్ర తీసుకుని మెట్లు దిగి జీపు దగ్గరికి వెళ్ళాను. తోసేవాళ్ళలో ఒకడు, "తాతా, జర పక్కకు జరుగు," అన్నాడు. నేను జరగకుండా కిటికీ మీద కర్రతో తట్టాను. పెద్దమనిషి విసుగ్గా చూశాడు.

"ఏంది పెద్దాయనా?"

"దిగుండ్రి," అన్నాను. "బరువు తగ్గుతది."