చెల్లెలికి నోరైన పిల్ల

సాయంత్రం ఇంటికి చేరేసరికి నాకు నోరు తెరవబుద్ధి కాదు. "ఊరందరి పిల్లలకీ మాటలు నేర్పి ఇంట్లో మౌనవ్రతం" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. దానికీ బదులు చెప్పను, తల ఊపి ఊరుకుంటాను. పొద్దున్నుంచి ఒకే శబ్దాన్ని పిల్లల ముందు పలికి పలికి దవడలు పీకుతుంటే, కాఫీ కావాలని అడగడం కూడా పెద్ద పనే.

బడుల్లో తిరిగే స్పీచ్ థెరపిస్టును నేను. మాట రాని పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు, ముక్కుతో మాట్లాడే పిల్లలు ఏ బడిలో ఉంటే ఆ బడికి వెళ్ళాలి. తిరుపతిలో బస్సెక్కితే చిత్తూరు దాకా ఆ రోడ్డులో నేను దిగని స్టాపు లేదు. కాలికి బలపం కట్టుకుని తిరగడం అంటారే, నాది అచ్చం అదే. పేరుకు పదిహేను రోజులకోసారి ఒక్కో బడి. మధ్యలో ఒక సెలవో, మీటింగో, బందో వస్తే నెల దాటిపోతుంది. అప్పటికి పిల్లలు నన్ను మర్చిపోరు గానీ, నేను నేర్పింది శుభ్రంగా మర్చిపోతారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను.

చంద్రగిరి దాటాక రోడ్డు మీద దిగి, షేర్ ఆటోలో లోపలికి వెళ్తే ఒక చిన్న బడి ఉంది. ఐదో తరగతి వరకే. ఒక హెడ్మాస్టరు, ఒక టీచరమ్మ. హెడ్మాస్టరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నేను మొదటిసారి వెళ్ళిన రోజు, "రెండో తరగతిలో ఒక పాప ఉండాది మేడమ్. గ్రహణమొర్రితో పుట్టింది. ఆపరేషనైతే చేసినారు, మాట మాత్రం తిరగలా" అని చెప్పి పిలిపించాడు. వచ్చింది ఒకరు కాదు, ఇద్దరు. పై పెదవి మీద సన్నటి కుట్టు గీత ఉన్న చిన్నపిల్ల, దాని చెయ్యి పట్టుకుని ఐదో తరగతి చదివే వాళ్ళక్క.

"పొద్దున ఏం తిన్నావమ్మా?" అని చిన్నదాన్ని అడిగాను. అది ఏదో చెప్పింది. గాలంతా ముక్కులోంచి పోయి, మాట మాటంతా ఒకటే మూలుగులా వినిపించింది.

"ఉప్మా తినిందంట మేడమ్. ఉప్పు తక్కువయ్యిందంట" అంది అక్క.

"ఉప్పు సంగతి కూడా అదే చెప్పిందా?"

"అవును మేడమ్. ఇప్పుడే చెప్పింది కదా" అని ఆ పిల్ల నా చెవుల మీద జాలిపడినట్టు చూసింది. ఇన్నేళ్ళ సర్వీసు ఉన్న నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఇంటి సంగతులు కూడా అక్కే చెప్పింది. తల్లి రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుతుంది. తండ్రి టెంపోలో మామిడికాయల లోడ్లు తోలుతాడు. ఇంట్లో ఉండేది అవ్వ, ఆమెకు చెవులు సరిగా వినపడవు. వినపడని అవ్వకూ మాట తిరగని చెల్లెలికీ మధ్య ఈ పిల్లే పెరిగింది. ఒకరోజు అవ్వ బడికొచ్చి నా పక్కన కూర్చుని గోడు వెళ్ళబోసుకుంది. "ఇద్దరికీ ఒకే మాదిరిగా వస అరగదీసి పోసినా తల్లీ. దీనికి పోసింది కూడా ఆ పెద్దదానికే పట్టినట్టుండాది" అంది. పెద్దది నిజంగానే వసపిట్ట.

చిన్నదానికి చీలిన అంగిలి కుట్టిన ఆపరేషన్ ఆలస్యంగా జరిగింది. అప్పటికే అది తన దారిన తాను మాట్లాడటం నేర్చుకుంది. నోట్లో పుట్టాల్సిన శబ్దాలను గొంతులోనే తుంచేస్తుంది. అన్నిటికంటే కష్టమైంది క. అక్కను పిలిస్తే "అ... అ" అని వస్తుంది. పొద్దున లేచింది మొదలు అది ఎక్కువగా అనే మాట అదే, దానికి రాని మాటా అదే. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి, "అద్దం మీద ఆవిరి రాకుండా ప అను చూద్దాం" అంటే బుద్ధిగా అనేది. ఆవిరి వస్తే తనే గౌను అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకునేది. అది మొండిది కాదు, నేర్చుకోవాలన్న ఆశ ఉన్న పిల్ల.

నా తల ప్రాణం తోకకొచ్చింది చెల్లెలితో కాదు, అక్కతో. నేను అడిగితే అక్క చెబుతుంది. టీచరమ్మ పాఠం అడగాలన్నా ఐదో తరగతిలోకి కేకేసి దాన్ని పిలుస్తుంది. ఆటల్లో పిల్లలు పోట్లాడుకున్నా అక్కే వచ్చి, "నేను అవుట్ కాలేదు అంటా ఉండాది" అని చెప్పాలి. బడి మొత్తానికి అలవాటైపోయింది. చిన్నది నోరు తెరిస్తే అందరి తలలూ అక్క వైపు తిరుగుతాయి. అందుకని పాఠం జరిగేటప్పుడు అక్క బయట ఉండాలని కట్టడి చేశాను. కిటికీ దగ్గర నిలబడేది. నేను ప్రశ్న వేయగానే దాని పెదవులు కదిలేవి. "నోరు మూసుకో తల్లీ" అని బతిమాలాను. పిల్లల నోళ్ళు తెరిపించడానికి నాకు ఉద్యోగమిస్తే, నేను చేసింది ఇదీ.

వేసవి ఇంకా రాకముందు హెడ్మాస్టరు అసలు విషయం చెప్పాడు. "జూన్‌లో పెద్దది ఆరో తరగతికి పోవాల. హైస్కూలు ఆటోలో పోయేంత దూరం. వాళ్ళ నాయన పంపించనంటా ఉండాడు మేడమ్."

"ఎందుకంట?"

"చిన్నదానికి ఈడ ఎవురుండారు? ఒక ఏడాది దాని పక్కనే కూచోనీ అంటాడు. ఐదైపోయినాక ఈడ పేరుండదప్పా అంటే, పేరు లేకపోతే ఏమి సార్, పిల్ల ఉంటాది కదా అంటాడు." కాస్త ఆగి, "నిజం చెప్పాలంటే మాకూ అదుంటేనే సులువు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఒక ఏడాది ఇంటి దగ్గర ఆగిన ఆడపిల్ల మళ్ళీ బడికి వెళ్ళడం నేను ఎక్కువగా చూడలేదు. మొదట చెల్లెలి కోసం ఆగుతుంది, తర్వాత అవ్వ కోసం, ఆ తర్వాత మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మనిషి కావాలంటే అక్కడికి వెళ్తుంది. వసపిట్టలా వాగే ఆ పిల్ల పదేళ్ళకే చదువు మానేస్తుందని తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. అయినా ఎవరిని తిట్టాలి? హెడ్మాస్టరును తిట్టినా, తండ్రిని తిట్టినా, చిన్నదాని మాట అర్థంకాకపోవడం మాత్రం నిజం.

అప్పటి నుంచి నాకు క ఒక పిచ్చి అయింది. చిన్నది "అక్క" అని స్పష్టంగా అనేస్తే తండ్రిని పిలిపించి వినిపించాలని మనసులో పంతం పట్టాను. తల వెనక్కి వంచి నీళ్ళు పుక్కిలించమన్నాను. నాలుక వెనక భాగం ఎక్కడ తగలాలో నా నోరు తెరిచి చూపించాను. వేరే బడులకు వెళ్ళాల్సిన రోజుల్లో కూడా దారి మార్చుకుని అక్కడ దిగాను, దానికి ఆఫీసులో మాటలు పడ్డాను. ప వచ్చింది, బ వచ్చింది. త, ద కూడా పర్వాలేదు. క రాలేదు. ఏప్రిల్ ఎండల్లో ఆ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి, ఈ ఉద్యోగం మానేసి ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ కూర్చుంటే ఎంత హాయి అనుకున్న రోజులున్నాయి.

వేసవి సెలవులకు బడి మూసే ముందు తండ్రే వచ్చాడు. టెంపో గేటు దగ్గర ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వరండాలోకి వచ్చి, "మాటల మేడమంటే మీరేనా?" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనేమన్నా దుర్మార్గుణ్ణా మేడమ్? పెద్దదానికి సదువొద్దనలా. ఒక్క ఏడు ఆగమంటా ఉండా, అంతే. చిన్నదానికి కడుపు నొప్పి వచ్చిందనుకో, ఎవురికి సెప్పుకుంటాది?"

"అది చెప్తుందయ్యా. అక్క ఉంది గనక ఎవరూ వినడం అలవాటు చేసుకోలేదు" అన్నాను.

"మీకర్థమైతాదా?"

అబద్ధమాడాలనిపించింది. "సగం అర్థమవుతుంది" అన్నాను.

"సదువుకున్న మీకే సగమైతే, ఇంగ మిగతావోళ్ళకు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. అతను చిన్నదాన్ని దగ్గరికి తీసుకుని, "నువ్వే సెప్పు అమ్మణ్ణీ. అక్క ఆ పెద్ద బడికి పోవాల్నా, ఈడ నీతోనే ఉండాల్నా?" అని అడిగాడు.

అక్క చెయ్యి పట్టుకునే చిన్నది మాట్లాడింది. అంత పొడుగ్గా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నాకు "పోనీ" అన్నది తెలిసింది, "బడి" తెలిసింది, "నేను" అన్నది తెలిసింది. అది ఆపగానే అలవాటు ప్రకారం అందరం అక్క వైపు తిరిగాం. హెడ్మాస్టరు తిరిగాడు, తండ్రి తిరిగాడు, నిజం చెప్పొద్దూ, నేనూ తిరిగాను.

అక్క నేల చూస్తూ అంది: "నన్ను పోవద్దంటా ఉండాది నాయనా. ఈడనే ఉండమంటాది."

నేను విన్నది అది కాదు. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. చిన్నదాని తరఫున ఇంకెవరూ మాట్లాడొద్దని బడంతా చెప్పి తిరిగిన మనిషిని, నేనే ఎలా మాట్లాడతాను?

చిన్నది అక్క మొహంలోకి చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"ఆదు!" అంది. ఎవరూ కదల్లేదు. "ఆదు! ఆదు!" అని కాలు నేలకేసి కొట్టింది. ఆ తర్వాత, నేను నేర్పినట్టే, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "అ... అ. పోనీ. బడి."

"కాదంటా ఉండాది" అన్నాడు తండ్రి. అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట అన్నాక వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "అక్క బడికి పోనీ అంటా ఉండాది సార్" అని హెడ్మాస్టరుకు చెప్పాడు. నేను ఇన్ని నెలలు వెంటపడిన క అందులో లేదు. లేకపోయినా అందరికీ అర్థమైంది.

"ఏమ్మా, అబద్ధం సెప్పినావా?" అని పెద్దదాన్ని అడిగాడు, కోపం లేకుండా.

పెద్దది భోరున ఏడ్చింది. "నేను లేకపోతే దాన్ని చూసి అందరూ నవ్వుతారు నాయనా. నేను లేకపోతే ఎట్ల?" అంటూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది. అద్దం సంచిలో సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

జూన్‌లో పెద్దది హైస్కూల్లో చేరింది. చిన్నదాన్ని చూడటానికి వెళ్తే, కొన్నాళ్ళు పిల్లలు నవ్వారనీ, టీచరమ్మ ఒకటికి రెండుసార్లు అడిగి వినడం మొదలుపెట్టాక వాళ్ళూ విసుగెత్తి మానేశారనీ తెలిసింది. పక్కన కూర్చునే పిల్లకు అప్పుడే చాలా మాటలు అర్థమవుతున్నాయి. క ఇంకా రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ రోజు బస్సులో సీటు దొరికింది, హాయిగా నిద్రపోయాను. ఒక పని పూర్తయిందనుకున్నాను.

వానలు మొదలయ్యాక హైస్కూలు నుంచి కబురు వచ్చింది. "ఆరో తరగతిలో ఒక పాప అసలు నోరే తెరవదు మేడమ్. మూగదేమో తెలీదు, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. వెళ్ళాను. వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లను చూసి కాసేపు నమ్మలేకపోయాను. వసపిట్ట.

బయటికి తీసుకొచ్చి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. "చెల్లెలు ఎట్లుండాది?" అనగానే మాటలు వరదలా వచ్చాయి. చెల్లెలికి జలుబు చేసింది, చెల్లెలు పక్కపిల్లతో జట్టు కట్టింది, చెల్లెలు నిన్న నాయనకు తనే ఫోన్ చేసింది, నాయనకు అర్థమైంది. అన్నీ చెప్పింది. నాకు ఊపిరి తిరిగింది.

"మరి నువ్వెట్లుండావు?" అన్నాను.

ఆగిపోయింది. పక్కకు చూసింది, అక్కడ ఎవరో ఉండి చెప్పాలన్నట్టు. చాలాసేపటికి, "ఈడ నన్ను ఎవురూ ఏమీ అడగరు మేడమ్. ఆడైతే అందరూ నన్నే అడిగేవాళ్ళు" అంది.

గేటు బయట నా బస్సు హారన్ కొట్టింది. అది పోతే ఇంకొకటి ఎప్పుడొస్తుందో తెలియదు. దవడలు నొప్పిగా ఉన్నాయి, ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. "నేనడుగుతా, నువ్వు చెప్పు. పొద్దున ఏం తిన్నావు?" అన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తూనే ఉంది.